సమస్య: చందనమ్ము తీయఁ జల్లనయ్యె

పోచమ్మమైదాన్ (నిర్వాహకుడు):
ఈ వారం సమస్యాపూరణకు పాదం పైన ఉంది. దాన్ని నాలుగో పాదంగా పెట్టి, చల్లదనమిచ్చే చందనం తీస్తే చల్లనవడం ఎలాగో చెబుతూ పద్యం పూరించాలి. ఎందుకిచ్చానో చెప్పి తప్పుకుంటా. మొన్న దేవుడి గూడు సర్దుతుంటే ఒక పొట్లం దొరికింది, 2024 మే 10న సింహాచలం నుంచి తెచ్చిన చందనం. ఆ రోజు అక్షయ తృతీయ, ఏడాదంతా చందనపు పూతలో ఉండే అప్పన్న (సింహాచలం నరసింహస్వామి) నిజరూప దర్శనం. ముందురోజు సాయంత్రం కాజీపేటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున విశాఖలో దిగి, నేరుగా కొండకు పోయి లైన్‌లో నిలబడ్డాం. నా ముందున్న పెద్దాయన నెత్తిన తడి తువ్వాలు వేసుకున్నాడు. అది ఎండినప్పుడల్లా సీసా మూత తీసి నాలుగు చుక్కలు చల్లుకునేవాడు. దర్శనమై బయటికొచ్చాక, అదే ఎండలో, ఆ తువ్వాలు తీసి భుజాన వేసుకొని "ఇప్పటికి సల్లబడింది బాబూ" అన్నాడు. పాదం అక్కడే పుట్టింది.

వసంతోత్సవాల వారం అని చెప్పి ఎండ మీద పాదమేంటని ఎవరూ గొడవకు రావొద్దు. వైశాఖం కూడా వసంతమే. ఆ సంగతి వరంగల్ ఎండకు తెలియకపోతే నేనేం చేయను.

మడికొండ సారు:
సింహగిరిని నేడు శ్రీహరి నిజరూపు
కనఁగ వచ్చినట్టి ఘనజనాళి
కెండ మండుచున్న నెదలోని తాపమ్ము
చందనమ్ము తీయఁ జల్లనయ్యె

కాజీపేట జంక్షన్:
సారు పద్యం ఎప్పటిలాగే బండి టైముకు వచ్చింది. అన్వయం బాగుంది. "ఘనజనాళికి ఎండ" అని మూడో పాదంలోకి దూకడం ఇంకా బాగుంది. కానీ సారూ, ఆ "ఘన" ఎందుకొచ్చింది? పైన "కనఁగ" ఉందని యతి (పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరానికి కుదరాల్సిన పొత్తు) కోసం టికెట్ కొనకుండా ఎక్కింది. "వచ్చినట్టి"లో "అట్టి" కూడా అంతే. ఒకే పాదంలో ఇద్దరు టికెట్ లేనివాళ్లు.

మడికొండ సారు:
తృతీయ నాడు సింహాచలం వచ్చే జనం ఘనం కాకపోతే మరేది ఘనం తమ్మీ? నువ్వు ముందు పూరణ పెట్టు, తర్వాత టికెట్లు చూద్దువు.

కాజీపేట జంక్షన్:
పెడుతున్నా.

రామనవమినాడు రాళ్లు పగులు నెండ
వచ్చు చుట్టములకు వట్టివేళ్ల
నీరమిచ్చి యవ్వ నెమ్మదిగా సాన
చందనమ్ము తీయఁ జల్లనయ్యె

జమ్మికుంట పత్తి:
అన్నా! గంధం తీయడం! చందనం ఒలిచే సంగతే లేదు, సాన మీద అరగదీసే సంగతి. ఇంక సమస్య ఎక్కడుంది, పోయింది. మా అవ్వ కూడా నవమి నాడు ఇట్లనే సాన ముందట కూర్చునేది. గంధపు చెక్కను గుండ్రంగా తిప్పుతుంటే సప్పుడు రావద్దనేది. సప్పుడొస్తే నీళ్లు తక్కువైనట్టట. వేలితో తీసి మెడకు రెండు దిక్కులా పూసేది. ఈ వారం నా ఓటు దీనికే.

మడికొండ సారు:
ఓటింగు పెట్టకముందే ఓటు! సరే, తీయ అనే మాటను తిప్పిన తీరు నాకూ నచ్చింది, నచ్చలేదని అబద్ధం చెప్పను. కానీ మూడు మాటలు.
ఎండకు పగిలేవి రోళ్లు, రాళ్లు కావు. "రామనవమి"కి యతి కుదరడానికి రోలును రాయి చేశావు.
ఏది చల్లనయ్యె? మెడా, ఇల్లా, అవ్వ మనసా? కర్త కనబడడు.
మూడోది పెద్దది. "సాన" అంటే ఇక్కడ సానన్, "సాన మీద" అనే సప్తమి. అంటే ద్రుతం, చివర న్ ఉన్నట్టు. దాని పక్కకు "చందనమ్ము" వస్తే "జందనమ్ము" కావాలి. ఇచ్చిన పాదాన్నే మార్చినట్టు.

కాజీపేట జంక్షన్:
రోలు కూడా రాయే సారూ. రాయి పగిలే ఎండలో రోలు మాత్రం మిగులుతుందా? ద్రుతం సంగతికొస్తే, అది సప్తమి కాదు. సానచందనం అని సమాసం. సాన మీది చందనం.

మడికొండ సారు:
ఇప్పుడు పుట్టిందా ఆ సమాసం?

కాజీపేట జంక్షన్:
మీరు అడిగినప్పుడు పుట్టింది. పుట్టాక ఉన్నట్టే కదా.

పోచమ్మమైదాన్ (నిర్వాహకుడు):
తెలుగు మాట ముందుండి సంస్కృతం వెనకుంటే మిశ్రసమాసం ఒప్పే. సాన శాణానికి తద్భవం. గట్టెక్కాడు. కర్త లేడన్న మాట మాత్రం నేనూ ఒప్పుకుంటా. ఇద్దరూ కొంచెం నీళ్లు తాగండి.

విశాఖ పుట్టిల్లు:
నేను పుట్టింది విశాఖలో, మెట్టింది హనుమకొండలో. కాబట్టి రెండు వైపులా మాట్లాడే హక్కు నాదే. అక్కడ చందనం తీస్తారు అనరండి, ఒలుస్తారు. చందనం ఒలుపు. తెల్లవారక ముందే వెండి బొరిగెలతో ఒలుస్తారు. దానికి ముందు కొన్ని రోజుల పాటు సాన మీద జరిగేది చందనం అరగదీత. ఏడాదికి నాలుగు విడతలు, విడతకు మూడు మణుగులు (పాత తూకం), అంతా కలిపి పన్నెండు. మొదటి మూడు మణుగులూ తృతీయ రాత్రే మళ్లీ పూసేస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకు మిగతావి. అంటే కాజీపేట తమ్ముడు తెలియకుండానే అసలు మాట దగ్గరికి పోయాడు. "తీయ" అన్నది ఒలుపు కన్నా అరగదీతకే దగ్గర.

ఇంకోటి. "సింహగిరి", "శ్రీహరి" అంటే మా వాళ్లకు పరాయి మాటల్లా ఉంటాయి. మాకు సింహాద్రి అప్పన్నే. నా ప్రయత్నం ఇది:

వేయి కడవలందు వెల్లువై గంగమ్మ
యప్పనయ్య మేన నాడుచుండ
స్వామి కేమొ కాని జనుల కన్నులదోయి
చందనమ్ము తీయఁ జల్లనయ్యె

కాజీపేట జంక్షన్:
అక్కా, "స్వామి కేమొ కాని" దగ్గర ఆగిపోయా. చందనం తీస్తే ఆయనకు వేడే కదా అని అడిగేవాడి నోరు ముందే మూసేశారు. పైగా కర్త ఉన్నాడు. సారూ, చూశారా, కన్నులదోయి.

మడికొండ సారు:
చూశాను. స్వామికి జనులతో యతి, స-జ, చక్కగా ఉంది. ఒకటే శంక. వేయి కడవలు, అంటే గంగధార నీళ్లతో సహస్రఘటాభిషేకం, అది రాత్రి కదమ్మా, దర్శనాలన్నీ అయ్యాక. జనం కన్నులు చల్లబడింది పగలు. రెండింటినీ ఒకే క్షణంలో పెట్టారు.

విశాఖ పుట్టిల్లు:
అయ్యో, దొరికిపోయాను. అవును, అది రాత్రే. నాన్న భుజం మీద కూర్చుని లైన్‌లో పోయిన రోజుల్లో రాత్రి దాకా ఎప్పుడూ ఉండలేదు, నిద్రపోయేదాన్ని. "ఆడుచుండ" బదులు "ఆడకుండ" అంటే? అభిషేకం ఇంకా కాకుండానే అని. ఆడ, కుండ, గణాలు చెడవు. యతీ అదే.

మడికొండ సారు:
రెండక్షరాలతో రాత్రిని పగలు చేశారు. ఒప్పుకున్నా.

కాజీపేట జంక్షన్:
నా రోలుకు మాత్రం క్షమాభిక్ష లేదు!

మడికొండ సారు:
నీకు ఎందుకుండాలి? సంక్రాంతి దారంలో (ఇక్కడి పాత చర్చలో) "ఐనవోలు" అని మొదలుపెట్టి "ఎల్లమ్మ"తో యతి వేసినవాడివి. ఐకి అ, ఆ, ఔలతోనే చెల్లుతుంది, ఎతో కాదు. అప్పుడు పండుగని ఊరుకున్నా.

కాజీపేట జంక్షన్:
అదే వస్తుందనుకున్నా, మూడు నెలలు దాచిపెట్టారు. సారూ, బోర్డు మీద ఐనవోలు, నోట్లో ఇనవోలు. మా ఊళ్లో ఎవరినైనా అడగండి, "ఇనవోలు జాతరకు పోతున్నం" అంటారు. ఇ-ఎ యతి చెల్లుతుంది.

మడికొండ సారు:
మరి రాసింది ఐ కదా.

కాజీపేట జంక్షన్:
రాసింది చదివేవాళ్ల కోసం. పద్యం చెవి కోసం.

జమ్మికుంట పత్తి:
మీ ఇనవోలు జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా నడుస్తది. మీ పంచాయితీ కూడా అట్లనే ఉంది. నడుమ నా పద్యం పెడుతున్నా, చూడండి. మా దిక్కు బట్టలు కొనడాన్ని తీయడం అంటం. పండుగకు బట్టలు తీసినం అని.

అలిగె నింటి దీప మయ్యొ యుగాదికి
కొత్త చీర లేక కోపగించి
హనుమకొండ కేగి యంగడిలో రంగు
చందనమ్ము తీయఁ జల్లనయ్యె

విశాఖ పుట్టిల్లు:
తమ్ముడూ, చందనం రంగు చీర బాగుంది, నాకూ ఒకటి తీయించు. కానీ ఇల్లాలిని ఇంటి దీపం అని, చివరికి ఆ దీపం చల్లనయ్యె అంటావా? ఉగాది పూట దీపం చల్లారితే ఏమంటారో మీ ఆవిడను అడిగి చూడు.

జమ్మికుంట పత్తి:
...

కాజీపేట జంక్షన్:
కొండెక్కింది అంటారు.

జమ్మికుంట పత్తి:
పద్యం ఇంట్లో చదివి వినిపించిన అక్కా. ఆమె ఏమీ అనలే. ఇప్పుడర్థమైంది ఎందుకనలేదో. రాత్రి నుంచి అన్నం నేనే వడ్డించుకుంటున్న.

మడికొండ సారు:
మొదటి పాదంలో "యుగాది" అని యడాగమం చేసినవాడికి ఈ శిక్ష ఎక్కువే. వ్యాకరణం బాగుంది నాయనా, శకునమే బాగాలేదు.

జమ్మికుంట పత్తి:
"దీపం" తీసేసి "వేల్పు" అని పెడితే? అలిగె నింటి వేల్పు...

మడికొండ సారు:
"వేల్పు" తర్వాత "మయ్యొ"లో మ ఎక్కడిది? "వేల్పు యయ్యొ" అనరాదు. ఉత్వం ఉంది, సంధి నిత్యం. "వేల్పయ్యొ" అవుతుంది. గణం పోతుంది.

జమ్మికుంట పత్తి:
అయితే దీపమే ఉండనీయండి. చీర ఇంకొకటి తీస్తా.

పోచమ్మమైదాన్ (నిర్వాహకుడు):
ఈ వారం నాకు నచ్చిన మాట కాజీపేట వారి సాన, నచ్చిన పద్యం అక్కది (దిద్దిన తర్వాత). సారు పద్యంలో ఎండ మండుచున్న పాదం నేను లైన్‌లో నిలబడ్డ రోజుకు అచ్చంగా సరిపోయింది, "ఘన" సంగతి పక్కన పెడితే. ఐనవోలా ఇనవోలా అన్నది ఇక్కడ వద్దు, వేరే దారం తెరవండి.

జమ్మికుంట ఇంట్లో జరిగినదానికి గుర్తుగా వచ్చే వారం పాదం:

దీపమారఁ గాంతి తేజరిల్లె

కాజీపేట జంక్షన్:
దారం తెరిచాను. పేరు "ఇనవోలు". ఐతో రాయలేదు, సారు గమనించగలరు.