ఎండాకాలపు పూలమడి: మీ ప్రహరీ పక్కన ఏమేమి పూస్తున్నాయి?

ప్రశ్న (గుంటూరు నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో గేటు నుంచి వరండా మెట్ల దాకా ప్రహరీ గోడ వెంట 22 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల పూలమడి ఒకటి ఉన్నది. సంక్రాంతి బంతులు, చేమంతులు అయిపోయాక, ఈ ఎండలకు ఏం బతుకుతుందిలే అనుకుని ఏటా దానిని తొలకరి దాకా బీడుగా వదిలేసేవాళ్ళం. ఈ ఏడాది అలా వదలబుద్ధి కాలేదు. ఫిబ్రవరి నెలాఖరున గోడ వైపు కాస్మోస్, నడుమ జినియా, బొగడబంతి గింజలు చల్లి, ముందు అంచు పొడవునా నాచుపూల కొమ్మలు గుచ్చాను. ఏప్రిల్ మూడో వారం నుంచి మడి కళకళలాడుతున్నది.

నాచుపూలనే కొందరు గడ్డిగులాబీలు అంటారు. ఎండ సోకేదాకా మొగ్గలు ముడుచుకునే ఉండి, తొమ్మిది గంటలకల్లా అంచంతా గులాబీ, పసుపు, నారింజ, తెలుపు రంగులతో నిండిపోతుంది. పొద్దు వాలేసరికి మళ్ళీ ఒక్క రేకు కూడా కనబడదు. పువ్వు నడుమనున్న కేసరాలను చీపురుపుల్లతో మెల్లగా తాకితే అవి కదిలి పుల్ల వైపే వంగుతాయని మా మనవరాలు కనిపెట్టి నాకు చూపించింది. చిన్నప్పటి నుంచి ఈ పూల మధ్యనే పెరిగినా ఆ సంగతి నేను ఇన్నాళ్ళూ గమనించలేదు.

ఇక నా సందేహాలు రెండు. గేటు దగ్గరి ఆరడుగుల ముక్కకు మధ్యాహ్నం నుంచి పడమటి ఎండ నేరుగా తగులుతుంది. అక్కడి జినియాల మొగ్గలు విచ్చకుండానే మాడిపోతున్నాయి, అడుగు ఆకుల మీద తెల్లని బూడిద కూడా కనబడుతున్నది. రోజూ సాయంత్రం నాలుగింటికి పైపుతో మొక్కంతా తడిసేలా నీళ్ళు పెడుతున్నాను. రెండోది, మడిలో రంగులున్నాయి గాని వాసన లేదు. సాయంత్రం గేటు తీయగానే పరిమళం రావాలంటే ఏం నాటాలి? మీ మళ్ళలో ఏమి పూస్తున్నాయో కూడా దయచేసి రాయండి.

జవాబు 1 (రాజమహేంద్రవరం నుంచి)

మీ మడిని కళ్ళకు కట్టినట్లు రాశారు, చాలా సంతోషం కలిగింది. కడియం నర్సరీలు మాకు దగ్గరే కనుక ఏ కాలానికి ఏ మొక్క నిలుస్తుందో అక్కడి రైతులను అడిగి తెలుసుకుంటూ ఉంటాను. ఇక్కడ రాసేది మాత్రం నా మడిలో నేను చూసినదే.

ముందుగా నీళ్ళ వేళ మార్చండి. మే నెలలో సాయంత్రం నాలుగింటికి డాబా మీది ట్యాంకు నీళ్ళలో చెయ్యి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. ఆ వేడి నీళ్ళు, ఎండలో పడి ఉన్న పైపులో మరింత కాగి, కాగిన మట్టిలోని వేళ్ళకు తగులుతాయి. పొద్దున్న ఆరు గంటలలోపు, ఆకులు తడపకుండా మొదట్లో మాత్రమే, మట్టి జానెడు లోతు తడిసేలా పెట్టండి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్ళు పైకే వచ్చి మరింత తొందరగా ఎండిపోతాయి. తరువాత మొక్కల మధ్య రెండంగుళాల మందాన వరిగడ్డి గాని ఎండుటాకులు గాని పరచండి, కాండానికి మాత్రం ఆనించవద్దు. ఈ ఒక్క పని చేశాక మా మడికి రోజు విడిచి రోజు నీళ్ళు సరిపోతున్నాయి.

ఆకుల మీది తెలుపు బూడిద తెగులు. మొక్కలు ఒత్తుగా ఉండి గాలి ఆడని చోట జినియాకు ఇది తరచుగా వస్తుంది. తెగులు పట్టిన ఆకులను తుంచి మడికి దూరంగా పారేసి, మొక్కకు మొక్కకు అడుగు దూరం ఉండేలా పలచన చేయండి. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి పొద్దు వాలాక పిచికారీ చేయవచ్చు. గంధకం పొడి మాత్రం ఈ ఎండల్లో వాడకండి, ఆకులు మాడిపోతాయి. ఒక వేసవిలో నేను ఆ తప్పు చేసి వరుస మొత్తం పోగొట్టుకున్నాను.

గేటు దగ్గరి ముక్క సంగతి వేరు. అక్కడ పైనుంచి పడే ఎండతో పాటు, పగలంతా కాగిన గోడ రాత్రి దాకా సెగ విడుస్తూనే ఉంటుంది. జినియాలను అక్కడి నుంచి తీసేసి, గోడకు అడుగు దూరం వదిలి బిళ్ళగన్నేరు నాటండి. మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ మొక్కకు ఎండ అంటే భయం లేదు, నీరు నిలవడమే గిట్టదు. చేదు వల్ల గేటు పక్క మేకలు కూడా ముట్టవు. కాస్మోస్‌లో కూడా గులాబీ రంగుది ఈ వేడికి డీలా పడుతుంది, పసుపు, నారింజ రంగులది చక్కగా నిలుస్తుంది. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది కనుక, నాటిన మొక్కలకు ఆ పక్షం రోజులు పాత నూలు చీర గాని నీడ వల గాని పందిరిలా కట్టి, మృగశిర రాగానే తీసేయండి.

జవాబు 2 (హైదరాబాద్ నుంచి)

పరిమళం గురించి అడిగారు కనుక, మల్లె ఉండగా మరొకటి ఎందుకండీ? గేటు పక్కన ఒక్క దొంతర మల్లె పాదు చాలు. అయితే అది వచ్చే వేసవి కోసం ఇప్పటి నుంచే చేయవలసిన పని. తొలకరికి అంటు నాటి పెంచండి. పాదు నిలదొక్కుకున్నాక ఏటా జనవరిలో కొన్నాళ్ళు నీళ్ళు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించాలి. తరువాత పాదు తవ్వి, మాగిన పశువుల ఎరువు వేసి, మళ్ళీ నీళ్ళు పెడితే మార్చి నుంచి మొగ్గ తొడుగుతుంది. ఆకు దూసేటప్పుడు మా అమ్మ పక్కన నిలబడి, "కనికరం చూపిస్తే పూలు పూయదు, దూసెయ్" అనేది. మొగ్గలు తెల్లబడి ఇంకా విచ్చుకోక ముందే, సాయంత్రం ఐదు గంటల వేళ కోయాలి.

ఈ ఏడాదే కావాలంటే చంద్రకాంత గింజలు నాటండి. మిరియాల్లా నల్లగా ఉండే ఆ గింజలను రాత్రంతా నానబెడితే తొందరగా మొలుస్తాయి. సాయంత్రం విచ్చుకుని తెల్లవార్లూ తేలికైన వాసన ఇస్తాయి. గింజలు పిల్లల నోటికి అందకుండా చూసుకోండి, అవి విషం.

జవాబు 3 (అమెరికాలోని డల్లాస్ నుంచి)

మా వేసవి మీ కంటే ఆలస్యంగా వచ్చినా, జూలైలో ఇక్కడ కూడా 38 డిగ్రీలు మామూలే. మంచు భయం తీరాక ఏప్రిల్‌లో చల్లిన జినియాలు, బొగడబంతి ఇప్పుడిప్పుడే మొగ్గ తొడుగుతున్నాయి. మల్లెను మాత్రం కుండీలోనే పెంచి, చలికాలంలో ఇంట్లోకి తెచ్చుకోవలసి వస్తుంది. జినియా వాడినకొద్దీ పువ్వు కింద రెండు ఆకుల దాకా కత్తిరిస్తూ ఉండండి, పక్క కొమ్మలు వచ్చి మరిన్ని పూస్తాయి. మీ నాచుపూల రంగులు చూస్తే కొమ్మ అడగాలని ఎంతో ఉన్నది, కాని అనుమతి లేకుండా మొక్కలను దేశం దాటించకూడదు కనుక ఫోటోలతో తృప్తి పడతాను.

ప్రశ్న అడిగినవారి సమాధానం (12 రోజుల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. ఉదయపు తడి, గడ్డి పరుపు మొదలుపెట్టాక నడిమి జినియాలు తేరుకున్నాయి, కొత్త ఆకుల మీద బూడిద లేదు. గేటు దగ్గర తొమ్మిది బిళ్ళగన్నేరు మొక్కలు పెట్టి, పాత చీర కట్టాను. ఏడు నిలిచాయి. చంద్రకాంత మొలకలు రెండాకుల మీద ఉన్నాయి. నాచుపూలు గుబురెక్కి గచ్చు మీదికి పాకుతుండటంతో నిన్న కత్తిరించి, ఆ కొమ్మలను తడి గుడ్డలో చుట్టి ఎదురింటి వారికి, పాలు పోసే అబ్బాయికి ఇచ్చాను. ఈ ఉదయం ఆ అబ్బాయి పాలు పోస్తూ, తన కొమ్మల్లో పసుపు పువ్వు ఒకటి అప్పుడే విచ్చిందని చెప్పి, మల్లె అంటు దొరికితే తనకూ ఒకటి ఉంచమన్నాడు.