కంప్యూటర్ నడిపే దహన కొలిమికి అనుభవం ఉన్న ఆపరేటర్ అవసరమా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక దహనవాటిక నిర్వహణ సంఘంలో సభ్యుణ్ణి. పాత కొలిమిని తొలగించి, కంప్యూటర్ నియంత్రణతో పనిచేసే గ్యాస్ కొలిమిని తెప్పించాలని నిర్ణయించాం. ఒకసారి బటన్ నొక్కితే మంట, గాలి, సమయం అన్నీ యంత్రమే చూసుకుంటుందని, నడిపేవారికి రెండు రోజుల శిక్షణ చాలునని సరఫరాదారులు చెబుతున్నారు. ఆ మాటను ఆధారం చేసుకుని, ఏళ్ల తరబడి కొలిమి దగ్గర ఉన్న ఇద్దరు ఆపరేటర్లను వేరే విధులకు పంపి కొత్తవారిని పెట్టుకోవచ్చని సంఘంలో కొందరు ప్రతిపాదించారు. నాకు అది సమ్మతం కాదు, కానీ ఎందుకు కాదో సాంకేతికంగా వివరించలేకపోతున్నాను. ఏ పనులు యంత్రానికి వదిలేయవచ్చు, ఏ నిర్ణయాలు మనిషి చేతిలోనే ఉండాలి? ఈ పనిలో ఉన్నవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు: కొలిమి ఆపరేటర్

నేను పాత రకం కొలిమినీ, తెరపై అంకెలు చూపే కొత్త రకాన్నీ నడిపాను. కొత్తది వచ్చాక పొగ తగ్గింది, ఒంటికి తగిలే వేడి తగ్గింది, ఇంధనం ఆదా అయింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే ఏ రెండు దేహాలూ ఒకేలా కాలవు.

పెద్దవారి శరీరంలో సగానికి పైగా నీరే ఉంటుంది. అది ఆవిరయ్యేదాకా వేడి అంతా బర్నర్ నుంచే రావాలి. కొవ్వు అంటుకున్నాక దేహం తన వేడిని తానే పుట్టిస్తుంది కనుక అప్పుడు బర్నర్‌ను తగ్గించి, గాలిని సరిచూడాలి. దీర్ఘవ్యాధితో కృశించిన దేహానికి చివరిదాకా బర్నర్ తోడు కావాలి. స్థూలకాయం విషయం ఇందుకు పూర్తిగా భిన్నం. నాలుగైదు దహనాలు జరిగి ఇటుకలు బాగా కాగి ఉన్న కొలిమిలోకి అలాంటి దేహాన్ని పంపితే, కొవ్వు ఒక్కసారిగా అంటుకుని, పుట్టే వాయువులు రెండో గది (పొగ బయటికి పోయే ముందు వాయువులను మళ్లీ కాల్చే గది) కాల్చగలిగినదానికి మించిపోతాయి. చిమ్నీ నుంచి నల్లటి పొగ రావడం అందులో చిన్న ఇబ్బంది మాత్రమే. మంట పొగమార్గంలోకి వ్యాపించి భవనానికే ప్రమాదం కలగవచ్చు. అందుకే అలాంటి దేహాన్ని ఆ రోజు మొదటి దహనంగా, ఇటుకలు ఇంకా పూర్తి వేడిని పట్టకముందే తీసుకుంటాం. లోపల ఎంత వేడి ఉందో యంత్రం చెబుతుంది గానీ, తలుపు బయట వేచి ఉన్నది ఎలాంటి దేహమో దానికి తెలియదు. చాలా కొత్త కొలిముల్లో దేహం బరువును, పేటిక రకాన్ని ఆపరేటరే నమోదు చేయాలి. ఆ అంచనా తప్పితే ఆ తరువాత యంత్రం చేసే ప్రతి లెక్కా తప్పు పునాది మీద నిలుస్తుంది.

దహనం ముగిసిందని నిర్ణయించడం కూడా అంతే. గంటన్నర అయిందని తెర చెప్పవచ్చు. నేను మాత్రం గాజు రంధ్రంలోంచి చూసి, మొండెం భాగంలో చివరి మంట ఆరిందని నిర్ధారించుకున్నాకే అవశేషాలను కదుపుతాను. తొందరపడితే కాలని భాగం కింద పడి పొగ వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ కుటుంబానికి మనం ఇవ్వవలసిన గౌరవానికి భంగం కలుగుతుంది.

రెండో జవాబు: నియంత్రణ పరికరాల ఇంజనీరు

పై జవాబుతో ఏకీభవిస్తూనే యంత్రం పక్షాన కొన్ని మాటలు చెప్పాలి. దహన వాయువులు రెండో గదిలో సుమారు 850 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 2 సెకన్లు ఉండాలన్న నియమం చాలా చోట్ల అమలులో ఉంది. ఆ వేడినీ, ఆక్సిజన్ శాతాన్నీ క్షణక్షణం కొలిచి గాలిని సవరించడం ఎంతటి నిపుణుడికైనా చేతితో సాధ్యం కాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు కనుక దాన్ని కనిపెట్టవలసింది సెన్సరే. పంటికి నింపే అమాల్గంలో దాదాపు సగం పాదరసమే. అది మంటలో ఆవిరై వాయువులతో బయటికి పోకుండా, వాటిని చల్లార్చి, పాదరసాన్ని పట్టి ఉంచే యాక్టివేటెడ్ కార్బన్ పొడి కలిపి, గుడ్డ సంచుల వడపోత గుండా పంపడం కూడా పూర్తిగా యంత్రం పనే.

అయితే సెన్సర్లకు వయసు ఉంటుందని సరఫరాదారులు గట్టిగా చెప్పరు. పాతబడిన థర్మోకపుల్ (వేడిని కొలిచే సెన్సర్) అసలు ఉన్నదానికంటే తక్కువ వేడిని చూపవచ్చు. కంప్యూటర్ ఆ అంకెనే నమ్మి మరింత ఇంధనం మండిస్తుంది, కొలిమి లోపలి ఇటుకలు దెబ్బతింటాయి. నేను మరమ్మతుకు వెళ్లిన ఒక చోట ఈ లోపాన్ని మొదట పట్టుకున్నది అక్కడి ఆపరేటర్. ఇటుకల మెరుపు పసుపు వైపు తిరిగింది, తెర మీద మాత్రం అంకె మామూలుగానే ఉంది. రెండింటికీ పొంతన లేదని ఆయన గమనించారు. రోజూ ఆ మెరుపును చూసినవారికే ఆ తేడా తెలుస్తుంది.

మూడో జవాబు: ఆపరేటర్ల శిక్షకురాలు

మీ సంఘంలో చెప్పడానికి పసిపిల్లల దహనాలను మించిన ఉదాహరణ లేదు. స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలోని మోర్టన్‌హాల్ దహనవాటికలో, శిశువుల అస్థికలు మిగలవని ఎంతోమంది తల్లిదండ్రులకు ఏళ్ల తరబడి చెప్పారు. దీనిపై న్యాయ నిపుణురాలు ఎలిష్ ఆంజియోలిని జరిపిన విచారణ నివేదిక 2014లో వెలువడింది. గర్భస్థ శిశువుల ఎముకలు కూడా దహనం తరువాత మిగులుతాయని అందులో తేలింది. శిశువును విడిగా లోహపు పళ్లెంలో ఉంచి, పెద్దల దహనానికి వాడే బలమైన గాలిధారలను తగ్గించి, వేడిని నెమ్మదిగా అందిస్తే ఆ సున్నితమైన అవశేషాలు చెదిరిపోవు. ఆపరేటర్‌కు ఇది తెలియకపోతే, తెలిసినా సమయం ఇవ్వకపోతే, ఎంత ఖరీదైన కొలిమి అయినా ఆ తల్లిదండ్రుల చేతికి ఏమీ అందించలేదు. ఈ ఒక్క విషయం గురించి రాస్తుంటే ఇప్పటికీ నాకు మనసు కలుక్కుమంటుంది.

రెండోది గుండె లయను సరిచేసేందుకు ఒంట్లో అమర్చే పేస్‌మేకర్. దాన్ని ముందే తొలగించకపోతే బ్యాటరీ వేడికి పేలి ఇటుకలనూ తలుపునూ దెబ్బతీస్తుంది, దగ్గరున్నవారిని గాయపరచవచ్చు. తొలగింపు పత్రం లేకుండా దేహాన్ని లోపలికి పంపనని చెప్పే అధికారం ఆపరేటర్‌కు రాతపూర్వకంగా ఉండాలి. పత్రాల సంగతి అంత తేలికైనది కాదు, రోగి పొందిన చికిత్స వివరాలూ ముఖ్యమే. రేడియోధార్మిక మందు పొందిన కొద్ది రోజులకే మరణించిన ఒక రోగి దహనం తరువాత, అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఆ కొలిమి పరికరాలపై రేడియోధార్మికత కనిపించిందని 2019లో ఒక వైద్య పత్రికలో వచ్చింది.

శిక్షణ విషయానికొస్తే, బ్రిటన్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ దహనవాటికల సంస్థలు ఆపరేటర్లకు ధ్రువపత్రాలతో కూడిన కోర్సులు నడుపుతున్నాయి. సరఫరాదారు ఇచ్చే రెండు రోజులు బటన్లు పరిచయం కావడానికి సరిపోతాయి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. పాత ఆపరేటర్లను కొనసాగించి, వారికి కొత్త యంత్రంపై శిక్షణ ఇప్పించాలని రాతపూర్వకంగా ప్రతిపాదిస్తాను. కొలిమిని స్వాధీనం చేసుకునే ముందు ప్రత్యేకంగా పరీక్షించవలసినది ఏదైనా ఉందా?

కొలిమి ఆపరేటర్

ఉందండీ. దహనం మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలో చేసి చూపించమనండి. పొగను లాగే ఫ్యాన్ ఆగిపోతుంది గానీ లోపల మంట ఆగదు, తలుపు తెరవడం ప్రమాదకరం. పొగ బయటికి పోయే అత్యవసర మార్గం తనంతట తెరుచుకుంటుందా, చేతితో తిప్పాలా, తిప్పే పిడి ఎక్కడుంది, దాన్ని చేరుకునే దారిలో వేడి ఎంత ఉంటుంది అన్నవి మీ ఆపరేటర్లు స్వయంగా చూడాలి. ఖాళీ కొలిమిని వేడి చేసి, నిజంగానే మెయిన్ స్విచ్ ఆపించి, వారిద్దరి చేతనే ఆ పిడిని తిప్పించిన తరువాత సంతకం చేయండి.