రంజాన్‌కి ముందు నెల షాబాన్ మొదలైంది, పిల్లల్ని ఒక్కపొద్దులకు ఎలా సిద్ధం చేస్తున్నారు?

నరసరావుపేట నాన్న:
అందరికీ అస్సలాము అలైకుమ్. మా వాడికి పద్నాలుగు నిండాయి, తొమ్మిదో తరగతి. పాపకు పన్నెండు. పోయిన రంజాన్‌లో వాడు పదకొండు ఒక్కపొద్దులు బాగానే ఉన్నాడు. పన్నెండో రోజు స్కూలు నుంచి వచ్చి భుజాన బ్యాగు కూడా తీయకుండా గచ్చు మీద పడుకున్నాడు, పెదాలు ఎండి తెల్లగా పొట్టు లేచాయి, తలనొప్పి తట్టుకోలేక నుదురు గోడకేసి ఒత్తుకుంటున్నాడు. వాళ్లమ్మ నీళ్లు ఇస్తే వద్దని ఏడ్చాడు. చివరికి నేనే పట్టుకుని తాగించాను. ఆ తర్వాత నెలంతా మళ్లీ ఉండలేదు. పండగ రోజు ఈద్గా దగ్గర వాడి స్నేహితులు "ఎన్ని ఉన్నావురా" అని అడుగుతుంటే వచ్చి నా వెనక నిలబడ్డాడు, అది మాత్రం నేను మర్చిపోలేకపోతున్నాను.

ఇప్పుడు గొంతు మారింది, మీసం వస్తోంది, అంటే ఒక్కపొద్దులు ఫర్జ్ (తప్పనిసరి) అయ్యే వయసు దగ్గరపడినట్టే. ఈసారి ఒక్కటి కూడా వదలనని వాడే అంటున్నాడు. కానీ రాత్రి పన్నెండు దాకా ఫోను, ఫజర్ (తెల్లవారుజాము) నమాజుకి లేవడు, రోజుకు మూడు టీలు. మా నాన్న మమ్మల్ని ఏమీ సిద్ధం చేయలేదు, సహరీకి (తెల్లవారకముందు తినే భోజనానికి) లేపేవాడు, ఉండేవాళ్లం, అంతే. వీడికి అలా చెబితే కుదరదనిపిస్తోంది. ఒంటికీ మనసుకీ ఇప్పటి నుంచి ఏం అలవాటు చేయాలో పిల్లలున్నవాళ్లు చెప్పండి, నాకు నిజంగానే టెన్షన్‌గా ఉంది.

కడప ఆపా:
వ అలైకుమ్ అస్సలాం భాయ్. మా ఇంట్లో సాయంత్రాలు పిల్లలకు ఖురాన్ చెబుతాను, పదిహేనేళ్లయింది, ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. ముందు ఒక మాట, మీరు ఆ రోజు నీళ్లు తాగించడం తప్పు కాదు. ఒక్కపొద్దుల గురించి చెప్పిన ఖురాన్ బఖరా సూరా (అధ్యాయం) 185వ ఆయత్‌ (వాక్యం)లోనే అల్లాహ్ మీకు సులువు కోరుతున్నాడు, కష్టం కోరడం లేదు అని ఉంది. ఈ మాట వాడికి మీరే కూర్చోబెట్టి చెప్పండి, ఎందుకంటే వాడు దాన్ని ఓటమి అనుకుంటున్నాడు.

షాబాన్ ఉన్నదే ఇందుకు. ప్రవక్త (స) రంజాన్ తర్వాత ఎక్కువగా ఉపవాసాలు ఉన్నది ఈ నెలలోనే. మీరూ వాడూ కలిసి సోమవారం, గురువారం ఉండండి, నెలలో నాలుగైదు చాలు. రంజాన్‌కి ఒకటి రెండు రోజుల ముందు మాత్రం ఆపేయాలి, ముందు నుంచీ ఆ అలవాటు ఉన్నవాళ్లకు తప్ప అప్పుడు ఉండొద్దని హదీసు (ప్రవక్త మాట) ఉంది. ఇంకా చిన్నపిల్లలుంటే మా అమ్మమ్మ చిడియా రోజా అనేది, జుహర్ (మధ్యాహ్నం నమాజు) దాకా ఉండి అన్నం తినేయడం. మేమంతా అలాగే నేర్చుకున్నాం.

అన్నిటికంటే ముందు ఫజర్. నమాజు లేకుండా ఒక్కపొద్దు ఒక్కటే పట్టుకున్న పిల్లలు రెండో వారానికి జావగారిపోతారు, ఇది నేను ఏటా చూస్తున్నాను. ఇంకోటి, అబద్ధం వదలనివాడు అన్నం నీళ్లు వదిలేయడం అల్లాహ్‌కి అక్కర్లేదని ప్రవక్త (స) చెప్పారు కదా, అందుకని నేను షాబాన్‌లో పిల్లలందరికీ తలా ఒక చీటీ ఇచ్చి ఈ నెలలో మానేసే పని ఒక్కటి రాయమంటాను. పోయినేడు ఒక బుడ్డోడు "తమ్ముణ్ణి గిల్లను" అని రాసి, నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టాడు. వాడు వాళ్ల తమ్ముడి పక్కన కూర్చుని చేతులు రెండూ తొడల కింద పెట్టుకునేవాడు, గిల్లకుండా ఉండటానికి! పదమూడు గంటల ఆకలి కంటే వాడికి అదే కష్టమైంది. మీ వాడినీ రాయమనండి, ఏం రాశాడో మీరు చూడొద్దు.

స్టాఫ్ నర్స్, హైదరాబాద్:
అన్నా, మీ బాబు తలనొప్పి ఆకలి వల్ల కాదేమో, రోజుకు మూడు టీలు తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే తల పగిలిపోతుంది, దానికి నిద్ర లేకపోవడం తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. ఇవాళ్టి నుంచే ఒక్కో టీ తగ్గించండి, ముందు పొద్దున్నది తీసేయండి, ఐదారు రోజులాగి మధ్యాహ్నంది. రంజాన్ వచ్చేసరికి మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) తర్వాత చిన్న గ్లాసు ఒక్కటి మిగలాలి.

నీళ్లు సహరీలో ఒకేసారి లీటరు తాగితే లాభం లేదు, చాలావరకు కాసేపటికే మూత్రంగా పోతుంది. ఇఫ్తార్ నుంచి పడుకునేదాకా గంటకో గ్లాసు చొప్పున తాగించండి. సహరీకి అన్నంలో పెరుగు, ఉడికించిన గుడ్డు, అరటిపండు, లేదా రాగి సంకటి పప్పు. ఆవకాయ, అప్పడాలు, రాత్రి మిగిలిన బిర్యానీ వద్దు, ఉప్పుకి పదింటికల్లా దాహం మొదలవుతుంది. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్లు, గంజి తీసుకుని నమాజు చదివొచ్చి భోంచేయాలి. పకోడీలు సమోసాలతో కడుపు నింపేసుకున్న పిల్లలు తరావీహ్‌ (రంజాన్ రాత్రి నమాజు)లో నిలబడలేరు.

ఆటల పీరియడ్ ఉన్న రోజు స్కూల్లో ముందే చెప్పి నీడలో కూర్చోబెట్టమనండి. లేచి నిలబడితే కళ్లు తిరగడం, పొద్దున్నుంచి మూత్రం రాకపోవడం, వాంతులు, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకి విరమించాల్సిందే, తర్వాత కజా (దానికి బదులు ఇంకో రోజు) ఉండొచ్చు. ఇన్సులిన్ తీసుకునే పిల్లలు, ఫిట్స్ మందులు వాడే పిల్లలు ఉన్నవాళ్లు మాత్రం దయచేసి ఇప్పుడే డాక్టర్‌ని కలవండి, రంజాన్ మొదలయ్యాక కాదు.

బీటెక్ హాస్టల్:
అంకుల్, నాకు పంతొమ్మిది, మీ అబ్బాయి పరిస్థితి నాకు తెలుసు. మొదటి ఏడాది హాస్టల్‌లో సహరీకి లేవలేక రాత్రి పదకొండుకే తినేసి పడుకునేవాణ్ణి, మూడు రోజుల్లో నా పని అయిపోయింది. ప్రవక్త (స) సహరీలో బర్కత్ (శుభం) ఉంది, తినండి అన్నది ఎందుకో అప్పుడు అర్థమైంది.

ఫోను లాక్కోకండి, వాడు ఇంకెక్కడో చూస్తాడు. మీరు కూడా పదింటికి మీ ఫోను వాడి ఫోను పక్కనే హాల్లో చార్జింగ్ పెట్టేయండి, అది పనిచేస్తుంది. ఇంకో విషయం, అసర్ (సాయంత్రం నమాజు) నుంచి మగ్రిబ్ దాకా ఉండే గంటన్నరే అసలు కష్టం, ఇంట్లో ఉంటే గడియారం కదలదు. మా నాన్న ఆ టైముకి నన్ను మసీదుకు తీసుకెళ్లేవాడు. దస్తర్‌ఖాన్ (భోజనాల గుడ్డ) పరచడం, ఒక్కో పళ్లెంలో మూడు ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్క పెట్టడం, గంజి డేగిసా దగ్గర నిలబడి గిన్నెల్లో పోయడం నా పని. పుదీనా వాసనతో ఆ ఆవిరి మొహానికి కొడుతుంటే నోరూరేది, అయినా ఎదురుగా పనులు దిగి నేరుగా వచ్చిన ముసలివాళ్లు కూర్చుని ఉంటే నా ఆకలి గుర్తొచ్చేది కాదు. వాడికి ఏదైనా పని అప్పజెప్పండి.

నరసరావుపేట నాన్న:
అల్లాహ్ మీ అందరికీ మేలు చేయాలి. టీ సంగతి అసలు తట్టనే లేదు. మసీదులో గంజి కాచే పెద్దాయన మా వీధే, ఇవాళే మాట్లాడతాను. ఆపా, పాప గురించి కూడా చెప్పండి. అన్నతో సమానంగా ఉంటానంటోంది. పెద్దమనిషైంది, అందుకే వాళ్లమ్మ అడగమంది.

కడప ఆపా:
అడిగినందుకు సంతోషం భాయ్, నాన్నలు ఇది అడగరు. నెలసరి రోజుల్లో నమాజూ లేదు, ఒక్కపొద్దూ లేదు, తప్పిన ఒక్కపొద్దులు మాత్రం తర్వాత కజా ఉంటే సరిపోతుంది. ఆయిషా (ర) గారు కూడా తనకు మిగిలిపోయినవి షాబాన్‌లో పూర్తి చేసేవారు. ఇది పిల్లలకు తెలుసు, కానీ ఇంట్లో నాన్న, అన్నయ్య ఉంటారని సిగ్గుపడి ఆ రోజుల్లో కూడా ఏమీ తినకుండా, అందరితో సహరీకి లేచి ఒక్కపొద్దు ఉన్నట్టే తిరుగుతారు. నా దగ్గర చదివే పాప ఒకసారి బాత్రూంలో కుళాయి నీళ్లు దోసిలితో తాగి బయటికొచ్చి మూతి తుడుచుకుంటుంటే చూశాను. అడిగితే ఏడ్చేసింది. రక్తం పోయే రోజుల్లో పిల్ల కడుపు మాడ్చుకోవడం ఏమిటి భాయ్, దీన్ (మన ధర్మం) అలా చెప్పలేదు.

వాళ్లమ్మని ముందే పాపతో మాట్లాడమనండి. అబ్బాయికి మీరు చెప్పండి, చెల్లెలు పగలు తింటుంటే ఎందుకని అడగకూడదని. ఆ రోజుల్లో పాప దుఆలు చేసుకోవచ్చు, జిక్ర్ (అల్లాహ్ స్మరణ) చేసుకోవచ్చు, సహరీ వంటలో అమ్మకు సాయం చేసినా పుణ్యమే. "ఎన్ని ఉన్నావు" అనే లెక్క మాత్రం మీ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగొద్దు.

నరసరావుపేట నాన్న:
రాత్రి వాడితో మాట్లాడాను ఆపా, చెల్లెలి సంగతి కూడా. తల దించుకుని విని సరే నాన్నా అన్నాడు. ఫోన్లు రెండూ హాల్లో పెట్టాం. పొద్దున ఫజర్‌కి రెండోసారి పిలిస్తే లేచాడు. గురువారం ఇద్దరం ఒక్కపొద్దు ఉంటున్నాం, చీటీ రాసి వాడి ఖురాన్ గలీబులో పెట్టుకున్నాడు. నేనూ ఒకటి రాశాను.