లడ్డైట్ల రాత్రి మీటింగులు సర్కారుకు ఎట్ల ఎరుకైనయ్?

కొత్తవాడ పోరడు:
మా తాత మిల్లు కార్మికుడు. చాయ్ హోటల్ల ఏం మాట్లాడుకున్నా తెల్లారేసరికి మేనేజరు చెవుల పడేదట. అందుకే యూనియన్ ముచ్చట్లు సాంచెల చప్పుడులనే, చెవికాడ నోరు పెట్టి మాట్లాడుకునేటోళ్లట. మరి 1811-12ల ఇంగ్లండుల మిషన్లు పలగ్గొట్టిన లడ్డైట్ల గుట్టు లండన్‌కు ఎట్ల తెలిసింది?

రిటైర్డ్ సారు, హన్మకొండ:
అప్పటికి ఇప్పటి తీరు పోలీసు లేదు తమ్మీ, లండన్ల కూడా 1829ల వచ్చింది. మేజిస్ట్రేట్లు పైసలిచ్చి వేగులను పెట్టి, కబుర్లు హోం ఆఫీసుకు రాసేటోళ్లు. అనుమానమొస్తే ఉత్తరాలు పోస్టులనే విప్పేటోళ్లు. కబురు తెస్తెనే పైసలాయె, లేకుంటే పుట్టించుడే!

1817ల ఆలివర్ అనే వేగు చూడు. లండన్ల అందరు తిరుగుబాటుకు తయారుగున్నరని ఊరూరు తిరిగి ఎగేసిండు. జూన్ 9 రాత్రి పెంట్రిచ్ అనే ఊరి దిక్కుకెళ్లి రెండు మూడు వందల మంది ఈటెలు పట్టుకొని, వానల తడుసుకుంట నాటింగ్‌హామ్ బాట పట్టిండ్రు. ఎదురైంది గుర్రపు సిపాయిలు. నాయకుడు బ్రాండ్రెత్ మేజోళ్లు అల్లేటోడు. అతన్ని, ఇంకో ఇద్దరిని నవంబరుల డెర్బీల ఉరి తీసి తలలు నరికిండ్రు. లీడ్స్ మెర్క్యురీ పేపరు ఆలివర్ బాగోతం జూన్‌లనే బయటపెట్టింది, అయినా ఉరి ఆగలే.

కరీంనగర్ అన్న:
ఉత్త మిషన్ పలగ్గొట్టినా ఉరేనా?

రిటైర్డ్ సారు, హన్మకొండ:
1812ల ఆ చట్టమే తెచ్చిండ్రు. కవి బైరన్ ప్రభువుల సభల లేచి వద్దన్నడు, ఎవరిన్నరు?

కొత్తవాడ పోరడు:
సారూ, తాతకు చదివి వినిపించిన. "మా షిఫ్టుల గూడ ఒక ఆలివర్ ఉండె" అన్నడు. పేరడిగితే బీడీ ముట్టించుకొని అటు తిరిగి కూసున్నడు.