అమ్మతో కార్తీకంలో కాశీకి: వెళ్లివచ్చినవారు చెప్పగలరా?

మేముండేది బెంగళూరు, మారతహళ్లి. అమ్మకు 71 ఏళ్లు. మోకాళ్లు సహకరించవు కానీ కార్తీకంలో గంగాస్నానం చేసి తీరాలంటుంది. సంఘమిత్ర రైల్లో మొగల్‌సరాయి వరకు వెళ్లి (స్టేషన్ పేరు మారినా అమ్మకు అది మొగల్‌సరాయే), అక్కడి నుంచి ఆటోలో గంగ దాటాలని ఆలోచన. రాత్రివేళ దిగితే వెంటనే బయలుదేరవచ్చా, తెల్లవారే వరకు ఆగాలా?

అసలు భయం ఘాట్ల దగ్గరే. ఉన్న 84లో మెట్లు తక్కువగా ఉండి, పట్టుకోవడానికి ఆధారం దొరికేది ఏది? వరద తీశాక మెట్ల మీద ఒండ్రు మిగిలి జారుతుందట. దశాశ్వమేధ హారతిని పడవలోంచి చూపిద్దామంటే అదో బెంగ. కిందటేడు మా పక్కింటాయనతో ఒడ్డున ఒక రేటు మాట్లాడిన పడవవాడు, నది మధ్యకు వెళ్లాక ‘అది వెళ్లడానికే, రావడానికి వేరే’ అన్నాడట. ఈత రాని మనిషి, మారుమాట లేకుండా ఇచ్చేశారు. మణికర్ణిక దగ్గర చితి కట్టెల పేరుతో డబ్బు అడిగేవారిని ఎలా తప్పించుకోవాలి? అమ్మ చేయి అసలే ఆగదు.

విశ్వనాథుడి గుడిలోకి ఫోను తీసుకువెళ్లనివ్వరు. అమ్మకు హిందీ రాదు. గుంపులో విడిపోతే ఎలా? నా నంబరు రాసిన చీటీ కొంగుకు పిన్నుతో పెడతానంటే ‘నేనేమన్నా బడిపిల్లనా’ అని కోప్పడింది. పెద్దవాళ్లను తీసుకువెళ్లినవారు ఏం చేశారు? పౌర్ణమి నాటి దేవ దీపావళి రద్దీకి ముందే తిరిగి వచ్చేయడం మంచిదా? రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తారు, కాస్త త్వరగా చెప్పండి.