షికాగోలో కాలేజీ బాస్కెట్‌బాల్ పోటీలు: చివరి రోజుల్లో మూడు టికెట్లు దొరుకుతాయా?

నల్లకుంట నివాసి:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి షికాగోలో ఎంఎస్ చదువుతోంది. సెలవు ఇప్పుడే మంజూరు కావడంతో నేనూ మా శ్రీమతీ మార్చి మూడవ వారంలో శంషాబాద్ నుంచి బయలుదేరి, ఏప్రిల్ రెండవ వారం దాకా అక్కడే ఉండబోతున్నాము. ఉస్మానియా అంతర కళాశాలల పోటీల్లో ఆడిన రోజుల నుంచి అమెరికా కాలేజీ జట్ల ఆటను కళ్లారా చూడాలని నా కోరిక. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ వారి 2026 పురుషుల పోటీల్లో ఒక ప్రాంతీయ దశ (మిగిలిన 16 జట్లు నాలుగేసి చొప్పున నాలుగు నగరాల్లో ఆడేది) మార్చి 27, 29 తేదీల్లో షికాగోలోని యునైటెడ్ సెంటర్‌లోనే ఉంది. సెమీఫైనళ్లు, ఫైనల్ ఏప్రిల్ 4, 6 తేదీల్లో ఇండియానాపొలిస్‌లో జరుగుతాయి. టికెట్లు ఇప్పుడే హైదరాబాద్ నుంచి కొనాలా, అక్కడికి వెళ్లాక కొనవచ్చా? 2022 సెప్టెంబరులో జింఖానా మైదానం దగ్గర క్రికెట్ టికెట్ల కోసం జరిగిన తొక్కిసలాటను మా శ్రీమతి ఇంకా మరచిపోలేదు కనుక, చివరి నిమిషం దాకా ఆగడం ఆమెకు ఇష్టం లేదు. మన బ్యాంకు కార్డు పనిచేస్తుందా, ముగ్గురం పక్కపక్కన కూర్చోగలమా అన్నది కూడా తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మణికొండ మిత్రుడు:

నమస్కారమండీ. ఇప్పుడు కొనవద్దన్నదే నా గట్టి అభిప్రాయం. పోటీలో ఆడే 68 జట్లు ఏవో మార్చి 15 ఆదివారం సాయంత్రం, అంటే మనకు సోమవారం తెల్లవారుజామున గాని ప్రకటించరు. ఆ తరువాత తొలి రెండు రౌండ్లు ఎనిమిది నగరాల్లో జరిగి, 22వ తేదీ రాత్రికి 16 జట్లు మిగిలినప్పుడే షికాగోకు ఏ నాలుగు జట్లు వస్తున్నాయో ఖాయంగా తేలుతుంది. టికెట్ ధరను నిర్ణయించేది ముఖ్యంగా ఆ నాలుగు పేర్లే. ఇల్లినాయ్, పర్డ్యూ, మిషిగన్ వంటి చుట్టుపక్కల విశ్వవిద్యాలయాల్లో ఏ ఒక్కటి వచ్చినా అభిమానులు కార్లలో తరలివస్తారు, ధర దిగదు. నాలుగూ దూరప్రాంతాల జట్లే అయితే, ఎన్నో నెలల ముందే కొని పెట్టుకున్న స్థానికులు తమ టికెట్లను తిరిగి అమ్మజూపుతారు.

మార్చి 27 శుక్రవారం ఒకే టికెట్‌పై రెండు ఆటలు చూడవచ్చు; 29 ఆదివారం ఒకటే ఆట. శుక్రవారం ఓడిపోయిన రెండు జట్ల అభిమానుల్లో చాలామంది తమ ఆదివారం టికెట్లను ఆ రాత్రే స్టబ్‌హబ్, సీట్‌గీక్ వంటి టికెట్లు తిరిగి అమ్మే సైట్లలో పెట్టేసి ఇంటిదారి పడతారు. ఇండియానాపొలిస్‌లోనూ ఇదే జరుగుతుంది: శనివారం రెండు సెమీఫైనళ్లు ముగిసిన దగ్గరనుంచి సోమవారపు ఫైనల్ టికెట్లు పెద్ద సంఖ్యలో చేతులు మారుతాయి. కాబట్టి ఫైనల్ చూడాలనుకునేవారు ఆ మధ్య ఆదివారం నాడు కొనడం మేలు.

అయితే నన్నడిగితే మీరు షికాగో ఆటలకే వెళ్లాలి. ఇండియానాపొలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియం అమెరికన్ ఫుట్‌బాల్ కోసం కట్టినది. అంత పెద్ద ఆవరణ మధ్యలో ఎత్తైన వేదిక పరచి బాస్కెట్‌బాల్ ఆడిస్తారు కనుక, పై వరుసల్లో కూర్చున్నవారు ఆటగాళ్ల కంటే పైన వేలాడే తెరనే ఎక్కువసేపు చూడవలసి వస్తుంది. యునైటెడ్ సెంటర్ షికాగో బుల్స్ అనే వృత్తి బాస్కెట్‌బాల్ జట్టు సొంత ఆవరణ, మైఖేల్ జోర్డన్ ఆడిన చోటు. అక్కడ పై అంతస్తులో కూర్చున్నా ఆటగాళ్ల కదలికలు, అడ్డుకునే పద్ధతులు స్పష్టంగా కనబడతాయి. ఆట ఆడినవారికి కావలసింది అదే కదా.

కూకట్‌పల్లి పద్మ:

మణికొండ మిత్రుడు గారు ధరల గురించి చెప్పింది సరైనదే గాని, ముగ్గురు కలిసి కూర్చోవాలంటే మరీ ఆఖరి గంట దాకా ఆగడం మంచిది కాదు. చివరికి మిగిలేవి ఎక్కువగా ఒంటరి సీట్లు, లేదా రెండేసి సీట్లు. జట్లు తేలిన మరునాటి నుంచి, అంటే 23 నుంచి 25 లోపు కొనేస్తే ఎంపికా ఉంటుంది, మీ శ్రీమతి గారి మనసూ కుదుటపడుతుంది.

డబ్బు చెల్లింపు మీ అమ్మాయి ఖాతాతో, ఆమె కార్డుతోనే జరిపించండి. మన కార్డుతో కొనాలంటే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలను ముందుగా అనుమతించాలి, విదేశీ మారకపు రుసుము అదనంగా పడుతుంది, ఓటీపీ కోసం ఇక్కడి సిమ్ అక్కడ పనిచేస్తూ ఉండాలి. 2025 మే నుంచి అమెరికాలో టికెట్ అమ్మేవారు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరనే మొదట చూపించాలన్న నిబంధన వచ్చింది కనుక, రెండు మూడు సైట్లను పోల్చి చూడడం ఇప్పుడు తేలిక.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకండి. వాట్సాప్ గ్రూపుల్లో మనవాళ్లే టికెట్ అమ్ముతామన్నా స్క్రీన్‌షాట్ చూసి డబ్బు పంపవద్దు. టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ సంస్థ ఫోన్ టికెట్లలో బార్‌కోడ్ కొన్ని క్షణాలకోసారి మారుతూ ఉంటుంది; స్క్రీన్‌షాట్‌తో గేటు దాటనివ్వరు. టికెట్ యాప్ ద్వారా మీ ఖాతాలోకి బదిలీ అయినప్పుడే అది మీది.

బోయిన్‌పల్లి శిక్షకుడు:

మహిళల పోటీలను కూడా చూడమని నా విన్నపం. వాటి తొలి రెండు రౌండ్లు మొదటి 16 స్థానాల్లో నిలిచిన జట్ల సొంత ప్రాంగణాల్లోనే జరుగుతాయి, టికెట్లు సాధారణంగా పురుషుల పోటీల కంటే బాగా చవక, ఆట నాణ్యతలో ఏ లోటూ ఉండదు. మార్చి 15నే ఆ వేదికలు తెలిసిపోతాయి కనుక, షికాగో నుంచి కారులో వెళ్లగలిగిన దూరంలో ఏదైనా ఉందేమో మీ అమ్మాయిని చూడమనండి. ఇండియానాపొలిస్ వెళ్లాలన్న కోరిక ఇంకా ఉంటే, సెమీఫైనళ్లకు ముందు శుక్రవారం నాలుగు జట్ల సాధనను గత సంవత్సరాల్లో ప్రేక్షకులకు ఉచితంగా చూపించారు. ఆటకు శిక్షణ ఇచ్చేవారికి ఆ సాధనలోనే నేర్చుకోవలసింది ఎక్కువ.

నల్లకుంట నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. పద్మ గారు చెప్పినట్లు 23న అమ్మాయి చేత శుక్రవారానికి మూడు టికెట్లు కొనిపిస్తాము. ఆదివారం సంగతి శుక్రవారం రాత్రి చూసుకుంటాము. ఆవరణకు ఎలా చేరుకోవాలో, సంచులు అనుమతిస్తారో లేదో కూడా చెప్పగలరా?

మణికొండ మిత్రుడు:

గ్రీన్ లైన్ రైలులో డేమెన్ స్టేషన్‌లో దిగండి. దాన్ని 2024లోనే తెరిచారు, అక్కడినుంచి నడిచి వెళ్లవచ్చు. వీపుకు తగిలించుకునే సంచులను లోపలికి రానివ్వరు కనుక ఫోన్లు, గుర్తింపు కార్డులు జేబుల్లోనే పెట్టుకోండి. టికెట్లు ఫోన్‌లోనే ఉంటాయి కాబట్టి చార్జింగ్ నిండుగా ఉండేలా చూసుకోండి. మార్చి ఆఖరున అక్కడ రాత్రిళ్లు చలి గట్టిగా ఉంటుంది, మందపాటి కోట్లు తీసుకెళ్లండి.