రోమ్‌లో పియెటాను కాస్త దగ్గరగా చూసే వీలుందా?

వచ్చే నెల అమ్మానాన్నలతో రోమ్ వెళ్తున్నాం. సెయింట్ పీటర్స్ బసిలికా చర్చిలో అడుగుపెట్టగానే కుడివైపు ఉండే పియెటా (చనిపోయిన యేసుని ఒడిలో పెట్టుకున్న తల్లి మరియ, మైకెలాంజెలో చెక్కిన పాలరాతి శిల్పం) చూడాలని అమ్మ కోరిక. 1972లో ఒకడు సుత్తితో మరియ ముక్కు, ఎడమచేయి విరగ్గొట్టాక దాన్ని అద్దం వెనక పెట్టేశారు కదా, అంత దూరం నుంచి వివరాలు తెలుస్తాయా? ఎదిగిన కొడుకు ఒడిలో ఇమిడేలా చెక్కిన ఆ బట్ట మడతలు, మరియ ఛాతీ మీది పట్టీపై మైకెలాంజెలో పేరు అమ్మకి చూపించాలి. బైనాక్యులర్స్ లోపలికి రానిస్తారా? తలుపులు తెరవగానే వెళ్తే జనం తక్కువ ఉంటారా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, క్యూ అంటేనే టెన్షన్.

ఇంకోటి, మైకెలాంజెలో ముసలితనంలో చెక్కిన పియెటాలు ఫ్లోరెన్స్‌లో ఒకటి, మిలాన్‌లో ఒకటి ఉన్నాయి. మాకు ఒక్క ఊరికే టైముంది. ఏది తీరిగ్గా, దగ్గరగా చూడొచ్చు? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.